రెండు రివాల్వర్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు

దాలినాయుడు మేష్టారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుల్లో ఎంతోమందికి తుపాకీ పట్టడం నేర్పి రిటైరైన మనిషి ఆయన. రిటైరైనా మా జిల్లా ఫైరింగ్ రేంజి ఆయన్ని వదల్లేదు. పోటీలు దగ్గరపడితే అధికారులే జీపు పంపి పిలిపించుకుంటారు. మిగతా రోజుల్లో ఎవరికి సందేహం వచ్చినా విజయనగరంలో ఆయన ఇంటికి వెళ్ళాల్సిందే. కాల్చినప్పుడు తుపాకీ ఎందుకు వెనక్కి తన్నుతుందని అడిగిన పాపానికి నాచేత ఒక పూటంతా బావిలో నీళ్ళు తోడించారు. దానివల్ల నాకు ఏం బోధపడిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను గాని, తుపాకీ అంటే ఉన్న బెదురు మాత్రం ఆ రోజుతో వదిలింది. అందుకే నూకరత్నం తన ప్రశ్న పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కినప్పుడు, అక్కడే కూర్చుని ఉన్న నేను, పాపం ఈ పిల్లకి ఇవాళ ఏ పని తగులుకుంటుందో అని జాలిపడ్డాను.

నూకరత్నం అనకాపల్లి వైపు పిల్ల. కానిస్టేబులుగా చేరిన నాటి నుంచి ఆమెను స్టేషన్లో రిసెప్షన్ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం, కోపంగా వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడం, లోపల నిద్రపోతున్న సారు రౌండ్లకి వెళ్ళారని చెప్పడం, ఇదీ ఆమె ఉద్యోగం. శిక్షణలో ఆమె గురి చూసినవాళ్ళం మేము. అంత గురి ఉన్న పిల్ల ఆ బల్ల వెనక మగ్గిపోతుంటే మాకే కడుపు మండేది. ఆ ఏడు దసరా వెళ్ళగానే జిల్లా జట్టుకి రివాల్వరు పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకి బాడీగార్డు డ్యూటీ ఇస్తామన్నారు. ఓడితే మళ్ళీ ఆ బల్లే. షరతు ఒకటుంది. ఏ రివాల్వరుతో కాలుస్తారో ముందే చెప్పాలి, తర్వాత మార్చుకోవడం కుదరదు.

మా ఆయుధాగారంలో రివాల్వర్లు రెండు రకాలు. చిన్నది పొట్టి గొట్టంతో ముద్దుగా ఉంటుంది, చీర కుచ్చిళ్ళలో దోపుకున్నా ఎవరికీ తెలియదు. పెద్దది పొడుగు గొట్టం, నడుముకి కట్టుకుంటే బెల్టు ఒక పక్కకి దిగలాగేస్తుంది. ఏది తీసుకోవాలో ఆమెకి చెప్పడానికి స్టేషనంతా సిద్ధమైపోయింది. అందరికంటే ముందు మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు భగీరథ పాత్రుడుగారు. మనిషి చెడ్డవాడు కాదు, సలహా ఇవ్వకపోతే ఆయనకి అన్నం సహించదు, అంతే. "ఆడపిల్ల చెయ్యి, చిన్న చెయ్యి. చిన్నదే తీసుకో. ఇందులో ఆలోచించడానికి ఏటుంది?" అన్నారట. నిజమే కదా అని అందరూ తలూపారు. తల ఊపనిది ఆ పిల్ల ఒక్కతే.

"మేష్టారండీ, చిన్నది తీసుకోమంటారా, పెద్దదా?" అని అడిగింది.

మేష్టారు లోపలికి వెళ్ళి ఒక ఖాకీ చొక్కా తెచ్చారు. జెండా పండగలకి తొడుక్కోవడానికి దాచుకున్నది. గంజి పెట్టి ఆరేయడంతో అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. దాంతోపాటు ఒక బుల్లి కరెంటు ఇస్త్రీ పెట్టె కూడా తెచ్చారు. కోడలు ప్రయాణాలకని కొనుక్కుని, ఈమధ్య వచ్చినప్పుడు మరిచిపోయిందట. గులాబీ రంగుది, తేలిగ్గా ఉంది. "ఇదిగో, ఈ చొక్కా ఇస్త్రీ చేసీ అమ్మా," అన్నారు.

నూకరత్నం నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

ఇస్త్రీ పెట్టె చేతికి రాగానే ఆమె ముఖం విప్పారింది, అంత తేలిక అది. కాని గంజి చొక్కా మీద పెట్టి తోస్తే అది జారిపోతోందే తప్ప ముడత విడవడం లేదు. నీళ్ళు చల్లింది. మణికట్టు వంచి అదిమింది. ఇంకో చెయ్యి కూడా వేసి, మోచేతులు బిగించి, ఒంటి బరువంతా దాని మీదే వేసింది. చెమటలు పట్టాయి. ఒక ముడత పోతే పక్కన రెండు లేచాయి. చివరికి పెట్టె పక్కన పెట్టి మణికట్టు పిసుక్కుంటూ, "దీనికి వేడి లేదండీ," అంది. వేడి లేకపోవడమేమిటి, వేలు పెట్టి చూసి నేను చుర్రుమనిపించుకున్నాను.

మేష్టారు లేచారు. పెరట్లోంచి తన పాత ఇత్తడి పెట్టె తెచ్చారు. బొగ్గులు వేసుకునే రకం, ఆయన సర్వీసంతా తన యూనిఫారం తానే ఇస్త్రీ చేసుకున్న పెట్టె అది. కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు నింపి, అరుగు మీద ఆమె ముందు పెట్టారు. ఎత్తబోయి, "అమ్మో!" అంది. రెండు చేతులా ఎత్తి చొక్కా మీద ఆనించి, ఇందాకటి అలవాటునే భుజాలు బిగించి అదమబోయింది.

"నొక్కకు," అన్నారు మేష్టారు.

ఆమె భుజాలు వదిలింది. పెట్టె తన పాటికి తాను కదిలింది, కదిలినంత మేరా బట్ట సాపు అయిపోయింది. ఆమె ఇంకోసారి తోసింది. నమ్మకం కుదరక మూడోసారీ తోసింది. చొక్కా చేతి మీద కత్తి అంచులా ఒక మడత వచ్చి నిలబడింది. పిల్ల ముఖంలో ఆశ్చర్యం చూసి నాకే నవ్వొచ్చింది.

"ఎత్తడం నీ పని. నొక్కడం దాని పని," అని మేష్టారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు. అయితే పెద్దదే తీసుకోమంటారా అని ఆమె అడుగుతూనే ఉంది, లోపల చెంబు చప్పుడు తప్ప ఇంకో మాట రాలేదు.

మర్నాడు రేంజిలో రెండూ కాల్చి చూసింది. చిన్నది ప్రతి తూటాకీ చేతిలో ఎగిరి తన్నింది, గుళ్ళు టార్గెట్ కాగితం నలుమూలలా పడ్డాయి. పెద్దది చేతిలో కదలకుండా కూర్చుంది. కాని నాలుగు తూటాలు కాల్చేసరికి చెయ్యి దిగిపోవడం మొదలైంది, గొట్టం కొస నేల చూపులు చూసింది. సాయంత్రం మళ్ళీ మేష్టారింటికి వచ్చి, ఏడుపు ముఖంతో, "నావల్ల కావడం లేదండీ. చిన్నదైతే తేలిగ్గా మొయ్యొచ్చు కదా," అంది.

"బరువు ఎక్కడికీ పోదమ్మా. నడుముకి తప్పిస్తే మణికట్టు మొయ్యాలి," అన్నారాయన. అని, ఆ ఇత్తడి పెట్టెని గోనెసంచిలో పెట్టి ఆమె చేతికిచ్చి పంపేశారు.

ఆ సంచి మోసుకుని బస్సెక్కితే కండక్టరు లగేజి టికెట్టు తీసుకోమన్నాడట. అప్పటినుంచి పోలీసు క్వార్టర్సులో కొత్త వేడుక మొదలైంది. రోజూ డ్యూటీ దిగగానే నూకరత్నం వరండాలో నిప్పులు రాజేసి ఇస్త్రీ చేసేది. ముందు తన బట్టలు, తర్వాత పక్కింటివాళ్ళవి, ఆ తర్వాత వీధిలో అందరివీ. ఊరికే ఇస్త్రీ చేసి పెడతానంటే ఎవరు కాదంటారు? పాత్రుడుగారి ఆర్డర్లీ కూడా సారు యూనిఫారాలు మూట కట్టి తెచ్చి పడేసి పోయేవాడు. ఆ పిల్ల పెట్టె ఎత్తేది, దించేది, మళ్ళీ ఎత్తేది. రాత్రికి చెయ్యి పైకి లేవక అన్నం ఎడమచేత్తో తినాల్సి వచ్చిందని చెప్పినప్పుడు నాకు జాలేసింది గాని, ఆమె గొంతులో మాత్రం తన మీద జాలి ఎక్కడా లేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా తుపాకులన్నిటికీ పసుపు, గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి దండం పెట్టుకున్నాం. మా హెడ్ కానిస్టేబులు ఒకాయన భక్తి ఎక్కువై, రివాల్వరు గొట్టం చివర గురి చూసే సైటు మీదే గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టాడు. అది ఎండి రాయిలా అయింది. తుడవమంటే అమ్మవారి బొట్టు తుడుస్తానా అని మండిపడ్డాడు. పోటీలో ఆయన తూటాలు ఎక్కడికి పోయాయో అమ్మవారికే తెలియాలి, టార్గెట్‌కి మాత్రం తగల్లేదు.

పోటీ రోజున రేంజి జాతరలా ఉంది. రిసెప్షన్ బల్లల దగ్గర, కంప్యూటర్ల దగ్గర కూర్చునే ఆడపిల్లలంతా సెలవు పెట్టి మరీ వచ్చారు. నూకరత్నం పెద్ద రివాల్వరు పేరు చెప్పగానే పాత్రుడుగారు దగ్గరికి వచ్చి, "చెప్తే వినవు కదమ్మా," అని నిట్టూర్చి, ఆమె పక్కనే న్యాయనిర్ణేతల వరసలో నిలబడ్డారు. మేష్టారు వెనకాల కుర్చీలో కూర్చుని పల్లీలు వలుచుకుంటున్నారు.

మొదటి విడత బాగా లేదు. చెయ్యి బలంగానే ఉంది, దిగిపోలేదు. కాని ఈ ఒక్క రోజు మీదే తన బతుకంతా ఆధారపడి ఉందన్న ఆలోచన ఆమె భుజాల్లోకి ఎక్కింది. రివాల్వరుని పీక నొక్కినట్టు పట్టుకుంది, గుళ్ళన్నీ కిందికి పడ్డాయి. ఇంక ఆ బల్ల తప్పదనుకున్నాను నేను. మేష్టారి వంక చూస్తే ఆయన పొట్టు ఊదుకుంటున్నారు.

రెండో విడతకి తూటాలు నింపుకుంటూ నూకరత్నం తలెత్తింది. పక్కనే పాత్రుడుగారి చొక్కా చెయ్యి కనిపించింది. భుజం నుంచి మోచేతి దాకా కత్తి అంచులాంటి మడత. ముందు రోజు సాయంత్రం తాను తీసిన మడతే అది. దాన్ని తాను నొక్కలేదు. ఆమె చూపు ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత భుజాలు దిగాయి, వేళ్ళు సడలాయి. రివాల్వరు ఎత్తి, దాని బరువుని దానికే వదిలేసింది.

ఆ తర్వాత రేంజిలో మరో చప్పుడు వినపడలేదు, ఆమె తూటాల చప్పుడే. తూటా వెనక తూటా నల్ల చుక్కలోకి వెళ్ళిపోయింది. పోటీ అయ్యాక చివరి విడత కాగితం దించి తెస్తే మధ్యలో కన్నాలు ఒకదాన్నొకటి తినేసి అర్ధరూపాయి బిళ్ళంత బొక్క కనిపించింది. న్యాయనిర్ణేతలు అన్ని విడతలూ కూడి చూసి, ఆమె పేరే మైకులో చదివారు. ఆడపిల్లల కేకలు, ఈలలు, ఒకమ్మాయి టిఫిన్ డబ్బా మూత పట్టుకుని వాయించడం. రిసెప్షన్ బల్ల వెనక నుంచి నూకరత్నం బయటపడింది! జిల్లా జట్టులో మొదటి పేరు ఆమెదే. నేను సిగ్గు వదిలేసి గెంతాను. పాత్రుడుగారు కూడా చప్పట్లు కొట్టారు, మనసారా కొట్టారు. కొట్టి, "నేను ముందే చెప్పాను, ఈ పిల్లకి పెద్దదే సరిపోతుందని," అన్నారు. ఆ రోజు ఆనందంలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనే నేను అనుకున్నాను. దీపావళి ముందు నూకరత్నం మాడుగుల హల్వా పట్టుకుని మేష్టారింటికి వచ్చింది. బాడీగార్డు డ్యూటీ వచ్చింది, ఒక మహిళా మేజిస్ట్రేటు పక్కన. ఆ సంతోషం కళ్ళలో కనిపిస్తూనే ఉంది, అయినా ఏదో నలుగుతున్నట్టుంది. హల్వా ముట్టచెప్పి అసలు సంగతి చెప్పింది.

"యూనిఫారం ఉండదట మేష్టారండీ. చీరలోనే తిరగాలట, తుపాకీ ఎవరికీ కనపడకూడదట. చిన్నదే పెట్టుకోమంటున్నారు. ఇన్నాళ్ళూ పెద్దదానితో పడ్డ పాటంతా వృథాయేనా?"

మేష్టారు హల్వా నోట్లో వేసుకుని, తీరిగ్గా చప్పరించి, లోపలికి వెళ్ళారు. అదే ఖాకీ చొక్కా తెచ్చారు. మళ్ళీ గంజి పెట్టి ఆరేసినట్టున్నారు, అప్పడంలాగే ఉంది. దాని మీద అదే బుల్లి గులాబీ రంగు పెట్టె పెట్టారు. "కోడలు రేపు పట్టుకెళ్ళిపోద్ది. ఈలోగా ఒకసారి చేసీ," అన్నారు.

ఆమె నీళ్ళు చల్లింది. పెట్టె పట్టుకుంది. ఈసారి తొందర లేదు, మోచేతులు బిగియలేదు, రెండో చెయ్యి రానేలేదు. మణికట్టు ఒక్కటే నిలకడగా, అంగుళం అంగుళం ముందుకి నడిచింది. చొక్కా వెన్ను సాపయింది. కాలరు లేచి నిలబడింది. చేతి మీద మడత కత్తి అంచులా వచ్చి కూర్చుంది. పని పూర్తయ్యాక ఆమె చొక్కా వంక చూసింది, తన చేతి వంక చూసుకుంది, ఆఖరికి ఆ పెట్టెని తిప్పి తిప్పి చూసి, "దీన్ని బాగుచేయించారేటండీ?" అంది.

మేష్టారు వేడి వేడి చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుంటూ అన్నారు.

"పెట్టె అదేనమ్మా."