గ్విడో దొర పట్టుకున్న పాదం

పండూ, ముందు కాళ్ళు చాపు. మట్టి కాళ్ళతో మంచమెక్కితే కథ లేదు. వాసంతీ, ఆ చెంబు ఇలా అందుకో. వేణ్ణీళ్ళేలే, కాలవు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన కేలండర్లో ఆ బట్టతలాయన ఎవరని పొద్దుట్నించీ నా ప్రాణం తీశారు కదా, ఆయన కథే చెబుతా. నిజమా అని అడక్కండి. బొమ్మ వాళ్ళది, కథ నాది.

అనగనగా సముద్రాల అవతల ఇటలీ అని ఒక దేశం. ఆ దేశంలో కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో యాత్రికుల కోసం ఒక ఆస్పత్రి. మనవాళ్ళు కాశీకి నడిచినట్టు వాళ్ళు రోముకి నడిచేవాళ్ళు. దారిలో కాళ్ళు పుళ్ళు పడితే ఇక్కడ ఆగేవాళ్ళు. సత్రమంటే సత్రం, ఆస్పత్రంటే ఆస్పత్రి. గుమ్మంలోకి రాగానే కాళ్ళు కడిగి, రొట్టె పెట్టి, పక్క వేసేవాళ్ళు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేనెవరికి చెబుతున్నట్టు.

ఆస్పత్రికి పెద్ద గ్విడో దొర. చెడ్డవాడు కాదు పాపం, కాస్త డాబు మనిషి. రోగి ఎదురైతే ముక్కుకి రుమాలు అడ్డం. ఎవరైనా ఒక్క రాత్రే ఉండాలి, పొద్దున్నే దారి చూసుకోవాలని ఆయన పెట్టిన రూలు. కాళ్ళు కడగడం, పుళ్ళు తుడవడం అంతా జినేవ్రమ్మ పని. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఈవిణ్ణి ఎవరో ఆ గుమ్మంలో వదిలేసి పోతే అక్కడే పెరిగింది. పుట్టిల్లూ అదే, అత్తిల్లూ అదే. బుర్ర మహా చురుకు.

ఒక సాయంత్రం బెప్పయ్య వచ్చాడు. అసలు పేరు బెప్పో, నా నోటికి బెప్పయ్య అనే వస్తుంది. ముసలాయన. పెళ్ళాం పోతూ పోతూ తన పేరు మీద రోములో దీపం పెట్టమందట, అందుకని నడుస్తున్నాడు. కుడికాలు వాచి గుమ్మడికాయంత అయింది. మడమకి పుండు. ఈ కాలుతో పొద్దున్న గడప దాటితే ఈయనకి కాలూ దక్కదు, రోమూ దక్కదని జినేవ్రమ్మ దొర దగ్గరికెళ్ళి బతిమాలింది. రూలు రూలే అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే నెల్లో అని ఒక బొమ్మలాయన దిగి ఉన్నాడు. రాజుగారు ఆస్పత్రి చూడ్డానికి వస్తున్నారట. దొరగారు యాత్రికుడి కాళ్ళు కడుగుతున్నట్టు గోడ మీద పెద్ద బొమ్మ రాయాలి, తన మొహం బాగా కనబడాలి అని దొర పురమాయింపు. ఎప్పుడూ కడగని కాళ్ళు కడిగినట్టు బొమ్మన్నమాట. నవ్వకు పండూ, నీళ్ళు తొణుకుతాయి. జినేవ్రమ్మ నెల్లోకి వేడి రొట్టె పెట్టి, చెవిలో ఏదో చెప్పింది.

ఆ బొమ్మలు మన గోడలకి రంగేసినట్టు కాదు. సున్నం మెత్తి, అది తడిగా ఉండగానే రాయాలి. ఆరిందా, ఇక రంగు పట్టదు. పొద్దున్నే నెల్లో ఏమన్నాడంటే, కళ్ళారా చూడనిది నా చేతికి రాదు, సున్నం ఆరేదాకా దొరగారు నిజంగా కాలు పట్టుకుని కూర్చోవాలి, పైగా బొమ్మ అయ్యేదాకా ఈ బెప్పయ్య కాలే కావాలి, మారిస్తే చెడుతుంది అన్నాడు. ఏం చేస్తాడు దొర? బెప్పయ్యని ఎక్కడికీ కదలనివ్వద్దని ఆయనే చెప్పాడు.

కూర్చున్నాడు దొర. సున్నం మెత్తాడు నెల్లో, గుమ్మడికాయంత కాలు రాశాడు. దొర ముక్కు మూసుకున్నాడు, మొహం తిప్పుకున్నాడు. జినేవ్రమ్మ వేణ్ణీళ్ళు పోసింది, మందు రాసింది. మర్నాటికి వాపు తగ్గి కాలు సొరకాయంత అయింది. నిన్నటి కాలు కాదే ఇది అని నెల్లో గోడ చెక్కేశాడు. మళ్ళీ సున్నం మెత్తాడు, సొరకాయంత కాలు రాశాడు. తర్వాత కాలు బీరకాయంత అయింది. మళ్ళీ చెక్కాడు, మళ్ళీ మెత్తాడు, మళ్ళీ రాశాడు. వాసంతీ, నిద్దరొస్తోందా? ఊ అను.

ఊరికే ఎంతసేపని కూర్చుంటాడు మనిషి. చెయ్యి నీళ్ళలోనే ఉంది కదా, దొర కాస్త తుడిచాడు. నొప్పిగా ఉందా అన్నాడు. బెప్పయ్య తన పెళ్ళాం పులుసులో రెండుసార్లు ఉప్పేసిన ముచ్చట చెబితే పకపకా నవ్వాడు. రుమాలు ఎక్కడ పడేసుకున్నాడో ఆయనకే తెలీదు. నీళ్ళు చల్లారితే జినేవ్రమ్మ కన్నా ముందు ఆయనే కేకేసేవాడు. పుండు ఎంత మానిందో చూద్దామని రోజురోజుకీ ఇంకాస్త వంగేవాడు.

చివరికి కాలు కాలంతే అయింది. నెల్లో ఇంక అయిపోయిందని కుంచెలు కడిగేసుకున్నాడు. బెప్పయ్య కర్ర అందుకున్నాడు. దొర మాత్రం లేవలేదు. రెండో కాలు రాయవా అని నెల్లోని అడిగాడు. అది బొమ్మలో దుప్పటి కింద ఉందండీ, కనబడదు అన్నాడు నెల్లో.

"కనబడకపోతే ఏం. నీళ్ళింకా వేడిగానే ఉన్నాయి," అని దొర బెప్పయ్య రెండో కాలు కూడా నీళ్ళలో పెట్టి కడిగాడు.

ఆ రోజుతో ఒక్క రాత్రి రూలు పోయింది. ఎవరి కాలు మానేదాకా వాళ్ళుండచ్చు. బెప్పయ్య రోముకి నడిచి దీపం పెట్టి, తిరిగొస్తూ మళ్ళీ ఆగి జినేవ్రమ్మ చేతి రొట్టె తిని వెళ్ళాడు. రాజుగారొచ్చి గోడ చూశారు. చూస్తే ఏముంది, దొర అంత వంగి కూర్చుంటే మొహం ఎక్కడ కనబడుతుంది? బట్టతలే కనబడుతోంది. ఎవరయ్యా ఈయన అని అడిగారు రాజుగారు. పక్కనే ఉన్న గ్విడో దొర, ఇక్కడ కాళ్ళు కడిగేవాడండీ అన్నాడట.

అంతే తల్లీ. మన ఇంటికెవరైనా నడిచొస్తే ముందు వాళ్ళ కాళ్ళవైపు చూడండి, తర్వాత మాటలు. ఏదీ, తుడవనీ, వేళ్ళ సందుల్లో తడుంది. కథ కాళ్ళు కడుక్కుని కంచికెళ్ళింది, మనం కాళ్ళు తుడుచుకుని దుప్పట్లోకి.