చంద్రుడి మీద గాలిమర

రెండేళ్ళలో సంపూర్ణ చేతుల మీదుగా ముప్పై ఏడు నమూనాలు బయటికి వెళ్ళాయి. ఒక్కదాని అడుగున కూడా ఆమె బొటనవేలి ముద్ర లేదు.

విశాఖపట్నంలో రేవుకి ఎదురుగా ఒక మేడ మీద దాలినాయుడు మాస్టారి పనిగది. ఓడలు, వంతెనలు, రాకెట్లు, ఏదైనా సరే చిన్నవి చేసి బడులకీ ప్రదర్శనశాలలకీ పంపుతారు. పని పూర్తయ్యాక నమూనాను బోర్లించి, గిన్నెలో మిగిలిన రంగులో బొటనవేలు ముంచి పీఠం అడుగున ఒత్తడం అక్కడి ఆనవాయితీ. చూసేవాళ్ళకి అది కనిపించదు. కానీ ముద్ర ఎవరిదైతే ఆ నమూనాలో తప్పొప్పులు వాళ్ళవి.

ముప్పై ఏడింటి కిందా మాస్టారి ముద్రే ఉంది. ముక్కలు కత్తిరించింది సంపూర్ణ, అతికించింది సంపూర్ణ, చివరి ఏడాదిగా మాస్టారు కలిపిచ్చిన రంగులు వేసిందీ సంపూర్ణే. మాస్టారి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ఇప్పుడాయనకి కుర్చీలో ఎవరో కూర్చున్నారని తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు.

ఆయనకి ఒకప్పుడు గొప్ప కన్నుండేది. కుర్రతనంలో తాడుకి వేలాడే పలక మీద కూర్చుని నిజమైన ఓడలకి రంగులు వేశారు. చిన్న నమూనాలకి రంగు కలిపేటప్పుడు డబ్బాలో ఉన్నది ఉన్నట్టు ఎప్పుడూ వాడేవారు కాదు. కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, పుల్లతో కాస్త తెలుపు తీసి కలిపేవారు. ఎంత కలపాలని అడిగితే, "చాలినంత" అనేవారు.

సంపూర్ణకి ఆ మాట నచ్చలేదు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చదివిన పిల్ల. పక్కనే కూర్చుని మాస్టారు వేసే చుక్కలన్నీ లెక్కపెట్టింది. మొదటి పద్నాలుగు నమూనాలకీ లెక్క నోటుపుస్తకంలో రాసుకుంది. ఒకరోజు సూత్రం దొరికింది. అసలుదానిలో డెబ్భై రెండో వంతు ఉండే నమూనాకి మాస్టారు వందకి పద్నాలుగు చుక్కల తెలుపు వేస్తున్నారు. నలభై ఎనిమిదో వంతుకి పది. ముప్పై రెండో వంతుకి ఆరు. అంటే, ఎన్నో వంతు అయితే ఆ అంకెను ఐదుతో భాగించడమే. నమూనా ఎంత చిన్నదైతే తెలుపు అంత ఎక్కువ.

పట్టిక గీసి గోడకి అంటించింది. ఆ తర్వాత చేసిన ఇరవై మూడు నమూనాల్లోనూ పట్టికకీ మాస్టారి పుల్లకీ ఒక్క చుక్కకి మించి తేడా రాలేదు.

"మీ కన్ను మొత్తం ఇందులో ఉంది మాస్టారూ," అంది సంపూర్ణ.

"మరి నా మొహం మీద ఉన్నదేటి తల్లీ?" అన్నారాయన.

ఆయన నవ్వారు, తనూ నవ్వింది. కానీ ఆయన చూపు తగ్గుతున్నకొద్దీ పట్టిక ఎదురుగా నిలబడి, ఇక ఈయన దగ్గర నేర్చుకోవలసింది ఏముంది అని ఆమెకి అప్పుడప్పుడూ అనిపించేది. పైకి అనలేదు.

వేసవిలో ఒక నక్షత్రశాల నుంచి పెట్టె వచ్చింది. చంద్రుడి మీద దిగే వ్యోమనౌక కిట్టు, ఇరవై నాలుగో వంతు. మూడు వందల పద్దెనిమిది ముక్కలు. కట్టి, రంగులు వేసి, చంద్రుడి నేలలాంటి పీఠం మీద నిలబెట్టి ఇవ్వాలి. మాస్టారికి మొదటి కన్ను ఆపరేషనుకి తేదీ ఆ తర్వాతి నెలలో పడింది.

ఆయన పెట్టెను ఆమె వైపు జరిపారు. దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కదానివే చెయ్యమన్నారు. నేను చూడలేను, చెబితే వింటాను, సరిగా ఉంటే అడుగున నీ వేలే పెట్టుకో, ఆ తర్వాత వచ్చే పనులు కూడా నీవే అన్నారు.

సంపూర్ణ ఆ రోజే మొదలుపెట్టింది. ప్లాస్టిక్ చట్రాల నుంచి ముక్కలు కత్తిరించింది. అతుకులు కనబడకుండా ఉప్పుకాగితంతో నున్నగా రుద్దింది. అసలు నౌక నాలుగు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల ఎత్తు. ఇది సరిగ్గా ఇరవై సెంటీమీటర్లు వచ్చింది. నాలుగు కాళ్ళూ నేలకి ఒకే కోణంలో ఉన్నాయో లేదో మూడుసార్లు కొలిచింది. బంగారు రేకును గోళ్ళతో నలిపి ముడతలు తెప్పించి నడుం చుట్టూ చుట్టింది. కాళ్ళకీ, పైనున్న పెట్టెలాంటి భాగానికీ నలుపు, ఇంజను చుట్టూ బూడిదరంగు. పీఠం మీద జల్లించిన సిమెంటు పొడి అంటించి గుంటలు దిద్దింది.

ఇరవై రెండో రోజు, బుధవారం, పని అయిపోయింది. నక్షత్రశాల ఆఫీసరు శుక్రవారం వస్తానన్నాడు. సంపూర్ణ మిగిలిన నల్లరంగు గిన్నె మీద మూతపెట్టి, వేలికోసం దాచి, మాస్టారి ముందు కూర్చుంది.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆమె కొలతలన్నీ అప్పజెప్పింది. కాళ్ళ కోణం బాగుందన్నారు. రేకు ముడతలు వేళ్ళతో తడిమి, బాగుందన్నారు.

"నలుపులో తెలుపెంత?"

"ఇరవై నాలుగుని ఐదుతో భాగిస్తే నాలుగు పాయింటు ఎనిమిది. వందకి ఐదు చుక్కలు వేశాను మాస్టారూ. బూడిదరంగులో కూడా అంతే."

"భాగహారం తప్పలేదు," అన్నారు మాస్టారు.

వేలు పెట్టమనలేదు. ఒక పాత వార్తాపత్రిక, గుండుసూది, అగరుబత్తి పుల్ల అడిగారు. ఆమె ఇచ్చింది. ఆయన కాగితాన్ని మడిచి, చించి, మూలలు మధ్యకి వంచి, సూది గుచ్చడానికి అరగంట తంటాలు పడ్డారు. తను చేసిపెడతానంటే వద్దన్నారు. రెండుసార్లు వేలికి పొడుచుకున్నారు. చివరికి తీర్థాల్లో, జాతరల్లో పిల్లలు కొనుక్కునే గాలిమర లాంటిది తయారైంది. తడుముకుంటూ పీఠం అంచు దొరకబుచ్చుకుని, వ్యోమనౌక పక్కన, చంద్రుడి మట్టిలో దాన్ని గుచ్చారు.

రేవు మీద నుంచి గాలి వస్తోంది. గాలిమర గిర్రున తిరిగింది.

"తిరుగుతోందా?" అన్నారు.

"తిరుగుతోంది మాస్టారూ."

"నాకు సరిగా కనపడదు. చూసి చెబుతూండు."

ఆయన భోజనానికి కిందికి వెళ్ళిపోయారు. సంపూర్ణ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. స్కేలు తీసి కొలిచింది కూడా. అడ్డంగా తొమ్మిది సెంటీమీటర్లు. ఇరవై నాలుగు పెట్టి హెచ్చవేస్తే రెండు మీటర్ల పదహారు. చంద్రుడి మీద మనిషి కంటే ఎత్తైన గాలిమర. ఇరవై రెండు రోజుల కష్టానికి ఇదా బహుమానం అనుకుంది.

పీకి పారేయడానికి చెయ్యి రాలేదు. ఎక్కడో తప్పు చేశాను, అదేమిటో చెప్పకుండా ఇలా ఎగతాళి చేస్తున్నారు అనుకుని మూడు వందల పద్దెనిమిది ముక్కలూ భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది. గురువారం మధ్యాహ్నానికి ఒక తప్పు దొరికింది. రెండో కాలి మీద మరమేకు ఒకటి వెంట్రుకవాసి పక్కకి ఉంది. ఊడదీసి సరిచేసింది. మాస్టారికి చెబితే, అదీ మంచిదేనన్నారు.

గాలిమరను తీయమనలేదు.

"కరెంటు కోసం పెట్టారా మాస్టారూ?" అంది కాస్త కటువుగానే.

"తిరుగుతోందా?"

"తిరక్కేం. తిరుగుతోంది."

ఆయన తలూపి వరండాలోకి వెళ్ళి తన పడక్కుర్చీలో కూర్చున్నారు.

సాయంత్రం అయింది. మరమేకు సరిచేసినప్పుడు కాలి కింద సిమెంటు పొడి కొంచెం రాలిపోయింది. అక్కడ మళ్ళీ చల్లాలి. చంద్రుడి మట్టి అంటే పిండి కంటే మెత్తన, ఊపిరి తగిలినా లేచిపోతుంది. సంపూర్ణ కిటికీలు రెండూ మూసింది. ఫ్యాను ఆపింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని చిటికెడు పొడి తీసుకుని వంగింది.

వరండాలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"తిరుగుతోందా తల్లీ?"

"లేదు మాస్టారూ. ఆగిపోయింది. కిటికీలు మూసేశాను, ఇక్కడ గాలి లేదు."

చెప్పేసింది. చెప్పాక ఆమె చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

ఎదురుగా వ్యోమనౌక. పక్కన కదలకుండా గాలిమర. వాటి కింద చంద్రుడి నేల.

చిటికెలోని పొడిని జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో వేసి, సంపూర్ణ డాబా మీదికి వెళ్ళింది. రెండేళ్ళ కిందట పనిలో చేరిన రోజున మాస్టారు తనని తీసుకెళ్ళి నిలబెట్టింది అక్కడే. అప్పుడు రేవు గట్టున ఒక ఓడ ఉంది, ఐదారు కిలోమీటర్ల దూరంలో సముద్రంలో లంగరేసిన ఇంకో ఓడ ఉంది. రెండింటికీ వేసింది ఒకే రకం నలుపని చెప్పారాయన. దగ్గరిది కాటుకలా ఉంది, దూరానిది తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన ఆ తేడా చూపించి ఏదో అన్నారు. తను నోటుపుస్తకంలో రాసుకుంది.

ఇవాళ కూడా దూరంగా ఒక ఓడ ఉంది. పాలిపోయి, ఆకాశంలో సగం కలిసిపోయి.

కిందికి వచ్చి నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచింది. 'నమూనా చిన్నదైతే దూరాన ఉన్నట్టే. దూరం పెరిగితే తెలుపు పెరుగుతుంది' అని గుండ్రటి అక్షరాలతో ఉంది. దాని పైన, పెన్సిలుతో అడ్డంగా కొట్టేసిన ఇంకో వాక్యం ఉంది. 'మధ్యలో గాలి ఉంది కదా తల్లీ, మనం కలిపేది దాన్నే.' పక్కన తన రాతే, చిన్నగా: 'దీన్ని కొలవలేం.'

సంపూర్ణ పుస్తకం మూసి, వేలికోసం దాచుకున్న నల్లరంగును పారబోసి గిన్నె కడిగింది.

శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. నమూనా చూసి ముచ్చటపడ్డాడు. ప్రదర్శన సోమవారమే ప్రారంభమనీ, ఇప్పుడే తీసుకెళతాననీ అన్నాడు. మాస్టారు పక్కనే కూర్చుని వింటున్నారు. సంపూర్ణ, ఇంకా అవలేదు, ఆదివారం సాయంత్రం ఇస్తాను అని చెప్పింది. ఏం మిగిలిందో తనకి కనిపించడం లేదన్నాడాయన.

"తప్పు చేశానండి. నలుపు నలుపులా లేదు," అంది.

ఆయనకి అర్థం కాలేదు. కానీ ఆదివారం వస్తానని వెళ్ళాడు.

ఆమె బంగారు రేకు విప్పింది. కాళ్ళు ఊడదీసింది. రెండు రోజుల్లో మళ్ళీ రంగులన్నీ వేసింది. ఈసారి డబ్బాలోని నలుపు డబ్బాలో ఉన్నట్టే వేసింది. పని పూర్తయ్యేసరికి ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. వ్యోమనౌకను పీఠం మీద నిలబెట్టి, దీపం ఒక పక్కకి జరిపింది. నల్లటి కాళ్ళు నీడలో కలిసిపోయాయి. వెలుగు తగిలినచోట అంచులు కత్తిలా ఉన్నాయి. ఆ గదిలోనే ఉన్నా అది ఈ గదిది కాదనిపించింది.

మాస్టారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నలుపులో తెలుపెంత?"

"సున్నా మాస్టారూ."

"బూడిదరంగులో?"

"సున్నా."

ఆయన చేతులు చాచి, పీఠం అంచులు పట్టుకుని, గాలిమరను మెల్లగా పెరికి బల్ల మీద పెట్టారు. తర్వాత నమూనాను పసిపిల్లని తిప్పినట్టు పక్కకి ఒరిగించి పట్టుకున్నారు. అడుగుభాగం ఆమె వైపు వచ్చింది. సంపూర్ణ కదల్లేదు.

"ఏటి చూస్తున్నావు? గిన్నెలో రంగు ఆరిపోతోంది," అన్నారు.

పది రోజుల తర్వాత ఆయనకి మొదటి కన్ను ఆపరేషను అయింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడేసుకుని, వెలుతురు వైపు చూడొద్దన్నారని కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. సంపూర్ణ ముందు కొత్త పెట్టె ఉంది. ప్రయోగవేదిక మీద నిలబడిన రాకెట్టు, డెబ్భై రెండో వంతు. పట్టిక ఇంకా గోడ మీదే ఉంది. కిటికీ చువ్వల మధ్య పాత వార్తాపత్రికతో చేసిన గాలిమర గుచ్చి ఉంది.

ఆమె ఎర్రరంగు డబ్బా మూత తీసి, తెల్లరంగులో పుల్ల ముంచి, ఆగి, కిటికీ వైపు చూసింది.

ఆ ఆగడం ఆయనకి వినిపించినట్టుంది.

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది మాస్టారూ."

"అయితే కలుపు."