పడమర: ఖాళీ స్థలం

"పంతులుగారూ, హక్కుకీ స్వాధీనానికీ తేడా ఏమిటండీ?" అని మస్తాన్‌రావు అడిగింది తెలియక కాదు. తనకు తెలుసునని పంతులుగారికి తెలియాలని. కుర్రవాడు బి.ఎల్. ఫస్టు క్లాసులో ప్యాసయ్యాడాయె. కోర్టు మెట్లెక్కే ముందు దస్తావేజులు రాయడం నేర్చుకోమని మేనమామ పంపితే, రిజిస్ట్రారాఫీసు ఎదుట తాటాకు పందిట్లో పరాంకుశం పంతులుగారి దగ్గర చేరాడు. చేరి అప్పటికి నాలుగు నెలలు.

ఆ రోజులే వేరు. ఇప్పుడు కంప్యూటర్లో పాత కాగితం తెరిచి, పేర్లు మార్చి, పావుగంటలో చేతిలో పెడుతున్నారు. అప్పుడు స్టాంపు కాగితం మీద ప్రతి అక్షరం చేత్తో రాయాలి. పందిట్లో ఒక మూల మంచినీళ్ళ కుండ, బల్ల మీద సిరాబుడ్డి, వేలిముద్ర వేసి బొటనవేలు జుట్టుకి రాసుకుంటూ వెళ్ళే మనుషులు. జుట్టంతా నెరిసిన మస్తాన్‌రావుకి ఇవాళ్టికీ ఆ పందిరి గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆ చోట ఇప్పుడు జిరాక్సు దుకాణం ఉంది.

పంతులుగారికి ఒక అలవాటుండేది. స్థలానికి తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు అని నాలుగు హద్దులూ రాయాల్సి వస్తే, పాత దస్తావేజు చూసి ఎక్కించేవారు కాదు. గొడుగు పుచ్చుకుని స్థలం దగ్గరికి వెళ్ళి, చుట్టుపక్కలవాళ్ళని పేరు పేరునా పలకరించి వచ్చాకే కలం పట్టేవారు. గంటలో తెమిలే పనికి ఈయన పూటంతా తింటాడని జనం విసుక్కునేవారు. శిష్యుడు కూడా విసుక్కునేవాడు, పైకి అనేవాడు కాదంతే.

శిష్యుడి ప్రశ్నకి పంతులుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ "చెబుదాంలే" అన్నారు. ఆయన చెబుదాంలే అన్నారంటే ఆ రోజుకి చెప్పరన్నమాట.

వారం తిరక్కుండా పంతులుగారు జ్వరంతో మంచమెక్కారు. సరిగ్గా అప్పుడే పిచ్చిరెడ్డి అనే రైతు పాతూళ్ళో తన దొడ్డి అమ్ముతానంటూ వచ్చాడు. కొనేది ఎరువుల గోవర్ధనం. అక్కడ గోడౌను కట్టాలని ఆయన ఆలోచన. ఆ దొడ్డికి పడమర పక్కన బుట్టలల్లే గురవమ్మ ఇల్లుంది. పాతూరంతా గ్రామకంఠం, అంటే ఎప్పుడో ఊరు కట్టుకున్ననాడు ఇళ్ళ కోసమని వదిలిన నేల. అక్కడ కొందరికి దస్తావేజులుంటాయి, కొందరికి ఏళ్ళ తరబడి అక్కడ ఉండటమే దస్తావేజు. గురవమ్మది రెండో రకం.

"పడమర ఖాళీ స్థలం అని రాయండి," అన్నాడు గోవర్ధనం. "ఆ పాకకి చిన్న చీటీ కూడా లేదు. అలా రాసుంటే రేపొద్దున మేం కలుపుకోవడానికి వీలుగా ఉంటుంది."

పిచ్చిరెడ్డి తన కాళ్ళ వంక చూసుకుంటూ ఊరుకున్నాడు. మస్తాన్‌రావు చదువుకున్నవాడు గదా, చట్టప్రకారమే ఆలోచించాడు. ఆమె పేర దస్తావేజు లేదు. రిజిస్ట్రారాఫీసు పుస్తకాలన్నీ తిరగేసినా ఆమె పేరు దొరకదు. లేని హక్కుని మనమెందుకు రాయాలి? చిత్తుప్రతిలో "పడమర: ఖాళీ స్థలం" అని గుండ్రంగా రాశాడు. రాత ముత్యాల్లా కుదిరిందని మురిసిపోయాడు కూడాను.

మర్నాడు పొద్దున పంతులుగారు శాలువా కప్పుకుని వచ్చారు. సంతకాలకు ముందు ఇరుపక్షాలకీ చదివి వినిపించడం ఆనవాయితీ. చదువుతూ చదువుతూ పడమటి హద్దు దగ్గర ఆగిపోయారు.

"నువ్వు వెళ్ళి చూశావటోయ్?"

"లేదండీ. కాగితం లేదన్నారు."

"పద," అని గొడుగందుకున్నారు. వర్జ్యం వచ్చేస్తుందని గోవర్ధనం గోల పెట్టాడు. "వర్జ్యంలో నడిస్తే కాళ్ళేం అరిగిపోవులెండి," అంటూ ఆయన ముందు నడిచారు. మిగతా ముగ్గురూ వెనక నడవక తప్పింది కాదు.

గురవమ్మ వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తోంది. అరవై దాటిన మనిషి. నలుగురు మగవాళ్ళు గుమ్మం ముందు నిలబడేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"నీకు కాగితమేమైనా ఉందా అమ్మా?" అని అడిగారు పంతులుగారు.

"లేదు బాబూ. మా అత్త ఈడే కూకుని అల్లింది, నేనూ ఈడే కూకున్నా." అందరి ముఖాలూ చూసింది. "ఎందుకడుగుతున్నారు? నన్ను లేపేస్తారా?"

పంతులుగారు ఉత్తరాన ఉన్న కుట్టు మిషను మదార్ సాహెబుని, పడమర ఇంటి బడి అయ్యవారిని పిలిచి, మీ ఇళ్ళ దస్తావేజులు ఒకసారి చూపించమన్నారు. వాళ్ళకేమీ అర్థం కాలేదు. అయినా పంతులుగారి మాట గనక ట్రంకు పెట్టెలు తెరిచారు. ఆయన గురవమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని, సాహెబు కాగితం ఉత్తరం వైపు పరిచి, ఎగరకుండా వెదురు బద్ద పెట్టి చదివారు.

"దక్షిణం: మేదర గురవమ్మ ఇల్లు." అది ఇరవై రెండేళ్ళ నాటి ఆయన సొంత దస్తూరీయే. తర్వాత అయ్యవారి కాగితం పడమర వైపు పరిచారు. అది ఇంకా పాతది. అంచులు పొడి రాలుతున్నాయి. ఆయనకి పని నేర్పిన గురువుగారి రాత. "తూర్పు: మేదర సుబ్బమ్మ ఇల్లు."

గురవమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. "సుబ్బమ్మంటే మా అత్తే. ఆమె పేరు రాశారా బాబూ దాంట్లో?"

"రాశారమ్మా."

"ఇంకోసారి చదవండి."

ఆయన నింపాదిగా మళ్ళీ చదివారు. గురవమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఊరు ఊరంతా ఆమెని బుట్టలదానా అనే పిలిచేది బాబూ. ఆమెకో పేరుందని నాకే పెళ్ళయినాక తెలిసింది."

"ఇక దక్షిణాన వీధి. వీధికి దస్తావేజు అక్కర్లేదు," అని పంతులుగారు మస్తాన్‌రావు రాసిన చిత్తుప్రతి తీసి తూర్పు వైపు పరిచారు. "ఇది నువ్వు చదువు."

మస్తాన్‌రావు వంగాడు. తన అక్షరాలు తనకి బాగానే కనబడుతున్నాయి. పడమర అన్న మాట దాకా చదివి, కాగితం మీంచి తల తిప్పేసుకున్నాడు. అంత సిగ్గు అతను అంతకు ముందూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

"చదవొద్దులే బాబూ," అన్నాడు పిచ్చిరెడ్డి. "మా ఇంట్లో చేటలన్నీ ఆమె అల్లినవే. నిన్న నోరు మూసుకుని నిలబడ్డా చూడు, నాదీ తప్పు. పంతులుగారూ, గురవమ్మ పేరే రాయండి. అట్లా అయితేనే అమ్ముతా."

"ఊళ్ళో ఇంకో లేఖరి దొరకడా ఏమిటి?" అన్నాడు గోవర్ధనం చిరాగ్గా.

"రాసేవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. అమ్మేవాడు ఒక్కడే," అన్నారు పంతులుగారు.

గోవర్ధనం గొణుక్కున్నాడు గానీ, వీధి వైపు అంత మంచి జాగా మళ్ళీ దొరకదని ఆయనకీ తెలుసు. "పడమర: మేదర గురవమ్మ ఇల్లు" అని మస్తాన్‌రావు చేతే తిరగ రాయించారు. మధ్యాహ్నానికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ వేసవిలోనే ఆ మూడు దస్తావేజుల నకళ్ళూ చూసి, పంచాయతీవాళ్ళు గురవమ్మ ఇంటికి ఆమె పేరు మీద నంబరు వేశారు. అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇళ్ళకి నడుస్తున్నారు. ఉదయం నుంచీ నోట్లోనే ఉన్న మాటని మస్తాన్‌రావు పైకి తెచ్చాడు. "పంతులుగారూ, నేను రాసింది చట్టప్రకారం తప్పేం కాదు గదండీ?"

"కాదోయ్," అన్నారు పంతులుగారు. "పొద్దున అది చదవగానే నాకు భయమేసింది అందుకే."