దుబాసీ చెప్పని మాట

ఏ భాషైనా నలభై రోజుల్లో నేర్పే మాటల పెట్టెను పొరుగు జమీందారు కొన్నాడని విన్నప్పటి నుంచి జగ్గభూపతికి అన్నం సయించడం లేదు. తనూ జమీందారే కదా. ఆ పెట్టెలమ్మే విదేశీ వర్తకుణ్ణి పిలిపించాడు. ధర రెండు ఊళ్ళ శిస్తు.

"అంత పెట్టి ఎందుకు ప్రభూ?" అన్నాడు దివాను.

"వాడింట్లో ఉన్నది నా ఇంట్లో లేకపోతే ఎలాగయ్యా?"

వర్తకుడు తన భాషలో పెట్టెను పొగుడుతుంటే, పక్కనున్న దుబాసీ తెలుగులో చెబుతున్నాడు. రాణివాసానికి గాజులు తెచ్చిన సీతాలు అదంతా విని, దుబాసీని అడిగింది.

"బాబూ, ఈయన దగ్గర ఎన్నాళ్ళుగా ఉన్నారు?"

"పన్నెండేళ్ళుగా."

"బోసి చేతులతో నేను గాజులమ్మితే ఎవరూ కొనరు బాబూ. బండెడు పెట్టెలున్న ఈయన నలభై రోజులు ఒకదాని ముందు కూర్చుంటే, మీకిచ్చిన పన్నెండేళ్ళ జీతం ఆయనకి మిగిలేది కాదా?"

ఏమందో చెప్పమని వర్తకుడు మోచేత్తో పొడిచాడు. దుబాసీ నోరు విప్పలేదు.

జగ్గభూపతికి చాన్నాళ్ళకు ఆకలేసింది.

"ఈయన్ని మర్యాదగా సాగనంపండి," అన్నాడు దివానుతో. "పొరుగాయనకి ఇద్దరు కొడుకులు. వాళ్ళకీ చెరో పెట్టె కావాలేమో కనుక్కోమనండి."