రెండు కాళ్ళ సాక్ష్యం

అనగనగా, వాన మొదలైతే ఓ పట్టాన వదలని ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి ఆవిడే రావాలి. కాళ్ళు బారజాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నీళ్ళు పోసేది. అలా ఊళ్ళో సగం మంది ఆ కాళ్ళ మీదే పెరిగారు బంగారూ.

ఒక ఏడు ముసురుకి ఆవిడ రెండు కాళ్ళకీ తామర పట్టింది. ఎర్రగా, గుండ్రంగా, ఒకటే దురద. తామర అంటుకునే జబ్బు కదా, ఇంక ఏ బిడ్డనీ ఆ కాళ్ళ మీద వేసుకోకూడదు. అదే సమయానికి కూతురు సత్యవేణి ఎనిమిదో నెలలో పురిటికొచ్చింది. సొంత మనవరాలో మనవడో, ఆ తొలి నీళ్ళు తనే పోయాలని నూకరత్నం ప్రాణమంతా దాని మీదే.

అప్పుడు ఎవరో కానుగ నూనె రాయమన్నారు. పక్కింటి బుల్లెమ్మ ఒప్పుకోలేదు. పోయినేడు తనకి పట్టిన తామర ఏమీ రాయకుండానే వానలతో పాటు పోయిందట. "నూనెకి తగ్గిందో, ఎండకి తగ్గిందో నీకెలా తెలుస్తుంది వదినా?" అంది.

ఆ మాట నూకరత్నం మనసుని పట్టుకుంది. తెలియనిది ఊళ్ళో పిల్లలకి రాయమని ఎలా చెబుతుంది? అందుకని కుడికాలికి కానుగ నూనె, ఎడమకాలికి ఉత్త కొబ్బరినూనె రాసింది. ఏ కాలికి ఏదో బుల్లెమ్మకి చెప్పలేదు. చూపించే ముందు వాసన పోయేలా కుంకుడు రసంతో కడుక్కునేది, గడుసుది.

పది రోజులకి బుల్లెమ్మ చూసి, రెండూ ఒక్కలాగే ఉన్నాయంది. ఆ తర్వాత ఇంకో పది రోజులకి చూసి, కుడికాలు కాస్త నయమేమో అంది. ఎడమకాలు మండిపోతుంటే నూకరత్నం చెయ్యి కానుగ నూనె గిన్నె మీదకి ఎన్నిసార్లు పోయిందో! అయినా రాయలేదు. పళ్ళబిగువున ఓర్చుకుంది.

మూడోసారి చూసేనాటికీ వాన కురుస్తూనే ఉంది. కుడికాలు నున్నగా ఉంది. ఎడమకాలి మీద తామర అరచెయ్యంత అయింది. కుడికాలికి రాసింది కానుగ నూనేనని నూకరత్నం అప్పుడు చెప్పింది. "కాలవగట్టు మీద రాలితే మేకలు కూడా ముట్టని కాయ. అందులో ఇంత మందు దాగుందా వదినా" అంది బుల్లెమ్మ, దణ్ణం పెడుతున్నట్టు.

ఆ మర్నాడే, లెక్కకంటే ముందుగా, సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. రెండు కాళ్ళకీ రాసుకుని ఉంటే ఎంత బాగుండేది! బుల్లెమ్మ తొలి నీళ్ళు పోస్తుంటే నూకరత్నం గుమ్మంలో కూర్చుని చూస్తూ ఏడ్చింది. ఆ తర్వాత లేచి, ఎడమకాలికి కూడా కానుగ నూనె రాసుకుంది.

మూడు వారాలకి అదీ నయమైంది. ఊరు ఊరంతా అడిగితే ఆవిడ చూసింది చూసినట్టే చెప్పింది. ఒంటి మీద తామర తనకి తగ్గిందనీ, కాలి బొటనవేలి గోటికి పాకింది మాత్రం నూనెకి లొంగలేదనీ, దానికి డాక్టరు దగ్గరికే పోవాలనీ అంది. తన ఒక్కదాని కాళ్ళే నమ్మొద్దు, మీరూ ఇలాగే రాసి చూసుకోండి అంది.

బారసాల నాడు బుల్లెమ్మే పాపను తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూకరత్నం చెంబు ఎత్తింది.

"ఆలస్యమైంది తల్లీ" అంది పాపతో. "కానీ తెలిసి పోస్తున్నాను."

కథ పోయె కంచికి,
పాప చేరె ఒడికి,
మనం ఇంక నిద్రకి.