కంచె అవతలి బిడ్డ

ఊ కొట్టాలి మరి, కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా. అనగనగా పల్నాటి వైపు ఒక ఊళ్ళో, చర్చి గంటకి నిద్రలేచే ఊళ్ళో, శౌరమ్మ అని ఒక కోడలుండేది.

మీరు బడిలో దెయ్యాల మొహాలు తగిలించుకుని గంతులేశారే, ఆ సాయంత్రం గడిచి తెల్లారితే సకల పునీతుల పండగ. ఆ మర్నాడు సమాధుల పండగ. పోయినవాళ్ళని తలుచుకోవడానికే ఇదంతా.

సమాధుల పండగంటే ఆ ఊళ్ళో ఒకటే హడావిడి. సమాధులకి సున్నం కొట్టాలి, బంతిపూలు గుచ్చాలి. శౌరమ్మ అత్త ఆరోగ్యమ్మ కొవ్వొత్తులు పంచుతోంది. పోయిన మామకొకటి, మామ తల్లికొకటి, ఆమె తల్లికొకటి.

శౌరమ్మకి కాలు నిలవడం లేదు. ఊడ్చిన వాకిలే ఊడుస్తుంది, తోమిన గిన్నే తోముతుంది. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి. ఎందుకూ? ఆ వానాకాలంలోనే ఆడపిల్లని కన్నది. మూడోరోజే ఆ బిడ్డ పోయింది పాపం. జ్ఞానస్నానం కాని బిడ్డని ఆ రోజుల్లో సమాధుల దొడ్డిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. కంచె అవతల, తుమ్మచెట్ల కింద పెట్టారు. దానికి పువ్వూ లేదు, కొవ్వొత్తీ లేదు.

ఊ కొడుతున్నారా? ఒసే చిన్నదానా, దుప్పటి తన్నకు.

బిడ్డ కోసం ఒక్క ఒత్తి ఇవ్వమని శౌరమ్మ అత్తనడిగింది. అత్త మొహం తిప్పుకుని, ఉపదేశినడుగు అంది. చర్చిలో పాఠాలు చెప్పే ఆ ఉపదేశి, ఆచారం లేదు, నీ మొగుణ్ణడుగు అన్నాడు. మొగుడు ఇన్నయ్య, అమ్మనడుగు అన్నాడు. తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చింది.

పొద్దు వాలింది. ఊరంతా దొడ్డికి కదిలింది. ఫాదరుగారు మంత్రించిన నీళ్ళు చల్లుకుంటూ ఒక్కో సమాధీ దాటుతున్నారు. మామగారి సమాధి దగ్గర నిలబడమన్నారు శౌరమ్మని. నిలబడితేగా! చూపంతా తుమ్మల వైపే. ఆఖరి సమాధి అయ్యి ఫాదరుగారు వెనక్కి తిరిగేసరికి, ఇక ఆగలేక ఎదురెళ్ళింది.

"ఫాదర్, ఈ పండగ పేరేంటండీ?"

"మీరు సమాధుల పండగంటారు, అసలు పేరు సకల ఆత్మల పండగమ్మా."

"సకల అంటే అందరూ అనేగా?"

"అవును."

"మరి నా బిడ్డో?" అని కంచె అవతలికి చెయ్యి చూపించింది.

ఉపదేశి ఆమెని పక్కకి పంపబోతే ఫాదరుగారు ఆపారు. ఆపి, ఏం చేశారనుకున్నారు? అంగీ ఎత్తిపట్టుకుని కంచె దూరారు! ముళ్ళకి అంగీ పర్రున చిరిగింది కూడా. వెనకే శౌరమ్మ, మామగారి ఒత్తి పట్టుకుని.

ఆ వెనక ఇంకెవరో! చూస్తే ఆరోగ్యమ్మ, చేతిలో వెలిగించిన ఒత్తితో. మనవరాలి దగ్గర ఆగలేదు. నాలుగడుగులు అవతల, గడ్డి మొలిచిన చోట కూలబడింది.

"పురిట్లోనే పోయిన నా పెద్దోడు ఇక్కడే ఉన్నాడే. ముప్పయ్యేళ్ళయింది. అడగొచ్చని నాకు తెలీలేదే," అని భోరుమంది.

అత్తది రాతిగుండె అనుకుంది శౌరమ్మ ఇన్నాళ్ళూ. ఇప్పుడు పక్కనే కూచుని, గాలికి ఆ ఒత్తి ఆరకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది.

చీకటి పడేసరికి తుమ్మల కింద ఎన్ని వెలుగులో! చాలా ఇళ్ళకి అక్కడ ఒకరున్నారు మరి. మర్నాడే మగాళ్ళు కంచె పీకి, తుమ్మల్ని కూడా కలుపుకుని కొత్తది వేశారు. మరుసటేడు శౌరమ్మకి మళ్ళీ ఆడపిల్లే. ఆరోగ్యమ్మ దాన్ని చంక దింపితే ఒట్టు!

తలుచుకునేటప్పుడు ఎవర్నీ బయట పెట్టకూడదర్రా. కథేమో కంచికి బయల్దేరింది, మీరేమో దుప్పట్లో దూరండి.