పిల్లికి ఏడు తరాలు

రేగులకోట రాజు జగ్గభూపతిగారికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు పావురాలు. మరో ఏడు మామిడి అంట్లు. ఆ ఏడు పిల్లి పట్టుకుంది.

గుర్రాల వర్తకుడొకడు దాన్ని కానుకగా తెచ్చాడు. తెల్లటి బొచ్చుతో, ఒక కన్ను నీలంగా, ఒక కన్ను పచ్చగా, దూదిబస్తాకి కాళ్లు మొలిచినట్టుంది. ఖొరాసాను కొండల జాతి అట. అక్కడి మంచుకే అంత బొచ్చు పెరిగిందట. ఒంటెల బిడారుతో ఇస్ఫహాను చేరి, ఆపైన రేవుకొచ్చి ఓడెక్కి సూరతులో దిగిందట. వర్తకుడు చెప్పింది ఇంతే. మిగతాది ఆస్థాన వంశావళి పండితుడు సుందరేశం అందుకున్నాడు.

సుందరేశం పిల్లికి బిచ్చం పెట్టే మనిషి కాదు. కానీ ఈ పిల్లికి ఏకంగా వంశమే కట్టిపెట్టాడు. తల్లివైపు ఏడు తరాలు, తండ్రివైపు ఏడు తరాలు, గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

"ఏడు తరాలు చెప్పగలిగితేనే కొలువులో పీట. ఇది తమ తాతలనాటి కట్టుబాటు ప్రభూ! దీనికి ఏడూ ఉన్నాయి."

రాజుగారు మురిసిపోయి పిల్లికి పట్టుపీట వేయించారు.

రాజుగారి పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే లింగన్న అంతా చూస్తున్నాడు. నిలబడటం అతని ఉద్యోగం. నోరు ఊరుకోకపోవడం అతని జబ్బు.

"పంతులుగారూ, దాని ముక్కేమిటి, అలా చప్పిడిగా ఉంది?"

"గొప్పింటివాళ్లు వాసన చూసి తినరు. పెట్టింది తింటారు."

"కళ్లవెంట ఆ నీళ్లు?"

"కరుణ."

"ఆ గురక?"

"ప్రాణాయామం!"

"మరి ఎలుకని చూస్తే అటు తిరిగి పడుకుంటోందేం?"

"అహింస. అది వంశగుణం," అన్నాడు సుందరేశం, ఆ గుణం తనదే అయినట్టు.

అక్కడితో ఆగితే బాగుండేది. "ఇంత గొప్ప వంశం ఊరపిల్లుల పాలబడితే సంకరమైపోతుంది ప్రభూ! కోటలో ఉన్న పిల్లులన్నిటినీ ఏరు దాటించాలి," అన్నాడు. రాజుగారు సరేనన్నారు. సాయంత్రానికల్లా పిల్లులన్నీ బుట్టల్లో ఏరు దాటాయి. గాదెల దగ్గర పనిచేసే నూకాలమ్మ నల్లపిల్లి కాటుక కూడా వాటితోపాటే పోయింది.

పదిరోజులు తిరక్కుండా నూకాలమ్మ ఏడుస్తూ లింగన్న దగ్గరికొచ్చింది.

"ఇత్తనాల గాదెలో ఎలకలు పడ్డాయి తమ్ముడూ! కాటుక ఉన్నన్నాళ్లూ ఒక్క గింజ పోలేదు. ఏరువాక నాటికి ఇత్తనాలు తక్కువైతే నన్ను కోటలోంచి గెంటేస్తామన్నారు. నలభై ఏళ్లు చేశాను. ఇప్పుడెక్కడికి పోను?"

"రాజుగారికి చెప్పుకోలేకపోయావా అక్కా?"

"చెప్పాను. పక్కనే ఆ పంతులున్నాడుగా! గాదె కాయడం చేతగాక పిల్లి లేదంటున్నావా అని కసిరాడు."

లింగన్నకి ఒళ్లు మండింది. ఎవరికి మండదు? అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకం కాదు కనుక, తిన్నగా గాదె దగ్గరికి పోయి చూశాడు. ఎలుకల దారి గోడవెంటే పోయి, పక్కనున్న తాళపత్రాల గది తలుపు కిందికి దూరింది. తలుపుకి చెవి ఆనించి విన్నాడు. లోపల కరకరలాడుతున్న చప్పుడు. వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు నిండు కొలువులో చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, పిల్లిగారి ఏడు తరాలూ రోజూ వింటున్నాం. ఏలినవారివి విని చాలాకాలమైంది. రెండూ పక్కపక్కన చదివిస్తే ఎవరిది పెద్ద వంశమో తేలిపోతుంది కదా!"

రాజుగారి మీసం లేచింది. "పిల్లితో నాకు పోటీయా? సరే, తేలిపోనీ. సుందరేశం, చదువు!"

సుందరేశం గతుక్కుమన్నాడు. పిల్లి వంశం తను అల్లిందే కనుక నోటికొచ్చు. రాజుగారిది ఆకుల మీద ఉందిగదా అని ఏనాడూ బట్టీ పట్టలేదు. ఎర్రగుడ్డ చుట్టిన కట్ట తెప్పించి విప్పాడు.

"జగ్గభూపతి తండ్రి పెదవీరభూపతి. ఆయన తండ్రి కొండలభూపతి. ఆయన తండ్రి..."

మూడో ఆకు ఎత్తబోయాడు. ఆకు లేదు. పొట్టు రాలింది. పొట్టులోంచి పందికొక్కంత ఎలుక ఒకటి ఎగిరి సరాసరి పట్టుపీట మీద వాలింది.

ఖొరాసాను వంశం కెవ్వుమంది. ఒక్క గంతులో సుందరేశం తలపాగా ఎక్కి గోళ్లు దించి కూర్చుంది. ఎలుక పీట మీద తీరిగ్గా మీసాలు దువ్వుకుంది.

"మూడో తరం ఎవరు?" అన్నారు రాజుగారు.

"అయ్యా... అదీ..."

"నాలుగు?"

సుందరేశం పొట్టులో వెతికాడు. రాజుగారు ఉలిక్కిపడ్డారు. "అంటే నాకు రెండు తరాలేనా? మా తాతల కట్టుబాటుతో నాకే పీట లేదన్నమాట!"

లింగన్న తమలపాకు చుట్టి అందిస్తూ అన్నాడు:

"ఏడూ ఉన్నాయి ప్రభూ! రెండు ఆకుల మీద, అయిదు ఎలుక కడుపులో."

రాజుగారు పీట మీది ఎలుక వైపు చూశారు.

"మరి దాన్ని పట్టేవాళ్లెవరూ లేరా?"

"ఉన్నారు ప్రభూ, ఏరవతల. వంశం లేదు. తల్లి పేరు కూడా తెలీదు. ఆకలి మాత్రం ఉంది."

ముందు రాజుగారే నవ్వారు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఇక కొలువు ఆగుతుందా! నవ్వు సద్దుమణిగాక మెడలోని ముత్యాలహారం తీసి లింగన్న మెడలో వేశారు. పిల్లులన్నిటినీ ఇప్పుడే తీసుకురావాలన్నారు. నూకాలమ్మ ఉన్నన్నాళ్లూ గాదెలు ఆమెవేనన్నారు. తరవాత సుందరేశం వైపు తిరిగారు.

"నువ్వే బుట్ట నెత్తిన పెట్టుకుని ఏరు దాటు."

సుందరేశం గబగబా బుట్ట ఎత్తాడు. కానీ నెత్తిమీద చోటు లేదు.